ఇంటి ముందు ఆర్టిఫిషియల్ గడ్డి వేయిస్తున్నారా? 50 ఎంఎం అంటే వెంటనే ఒప్పుకోకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తిళ్లకి ప్లాస్టిక్ గడ్డి వేయించడం మామూలైపోయింది. దాంతోపాటే ఒకే రకం నష్టం ఇంటింటా కనిపిస్తోంది. అమ్మేవాళ్లు 25, 35, 50 ఎంఎం ఎత్తు పోగులున్న ముక్కలు ముందు పెట్టి, "ఎత్తు పెరిగే కొద్దీ క్వాలిటీ సార్" అంటారు. చేత్తో నిమిరితే 50 ఎంఎం ఒత్తుగా, మెత్తగా తగులుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి అదే కొంటారు. ఎండాకాలం, ఆ పైన వానాకాలం దాటేసరికి గేటు నుంచి గడప దాకా నడిచే దారంతా అణిగిపోయి, పోగుల మధ్య నల్లటి బ్యాకింగ్, అంటే పోగుల్ని కుట్టిన అడుగు పొర, బయటపడుతుంది. అడిగితే "మీరు బ్రష్ కొట్టలేదు" అన్న మాటే జవాబు. బ్రష్‌తో బాగయ్యే జబ్బు కాదది.

పోగు ఎంత పొడవైతే అంత తేలిగ్గా వాలుతుంది. పైగా ఈ పోగులు పాలిథిలిన్. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గడ్డి గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, వట్టికాళ్లతో నిలబడలేం. ఆ వేడికి మెత్తబడ్డ పోగు మీద కుర్చీ పడినా, బండి స్టాండు దిగినా, వంగిన తీరులోనే చల్లారి ఉండిపోతుంది. ఫుట్‌బాల్ టర్ఫుల్లో 50, 60 ఎంఎం వేస్తారు కదా అని కొందరు వాదిస్తారు. అక్కడ పోగుల మధ్య ఇసుక, రబ్బరు గుళికలు సగానికి పైగా నింపుతారు. పైకి కనిపించేది కొసలే. ఇళ్లలో మాత్రం అదే 50 ఎంఎంని ఏమీ నింపకుండా పరిచేసి వెళ్లిపోతున్నారు.

ఇంటి ముందుకి 30 నుంచి 35 ఎంఎం చాలు. కుక్క తిరిగే చోట, రోజూ నడిచే దారిలో 25 ఇంకా మేలు, కడగడం సులువు. 40 ఎవరూ తొక్కని మూలకే. మునగచెట్టో, వేపచెట్టో ఉన్న పెరట్లో పొడుగు పోగు అసలు వద్దు. ఆ సన్నటి ఆకులు కుదుళ్లలోకి దిగి తడికి కుళ్లుతాయి, చీపురుకి రావు, నల్లటి మట్టిలా పేరుకుని నీళ్లు దిగే రంధ్రాలు మూసేస్తాయి. లోపలికి తెరుచుకునే ఇనప గేటు ఉంటే దాని కింద ఖాళీ ముందే కొలవండి. 35 ఎంఎం గడ్డికి బ్యాకింగ్ కూడా కలుస్తుంది. గేటు రోజూ గీరుకుంటే ఆ అర్ధచంద్రాకారంలో పోగులు లేచిపోతాయి.

ఎత్తు కంటే ముందు చూడాల్సింది కుట్లు. ముక్కని తిరగేసి, వరస వెంబడి స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టండి. 16, ఆపైన ఉంటే తీసుకోవచ్చు. 12 దగ్గర ఆగిపోతే ఎంత ఎత్తున్నా పలచనే. వరసకీ వరసకీ మధ్య 3/8 అంగుళం, అంటే దాదాపు తొమ్మిదిన్నర ఎంఎం ఉండాలి. 16 కుట్లు, ఈ దూరం కలిస్తే చదరపు మీటరుకి 16,800 దాకా కుట్లు వస్తాయి. పచ్చటి పోగుల అడుగున గోధుమరంగు ఉంగరాల పోగు కూడా దట్టంగా ఉండాలి. నిలబెట్టేది అదే.

ఎత్తులోనూ మోసం ఉంది. బ్యాకింగ్ కలిపి కొలిచి 35 అని అమ్ముతారు. సున్నా సరిగ్గా అంచునే మొదలయ్యే స్టీలు స్కేలుని పోగుల మధ్య బ్యాకింగ్ తగిలేదాకా నిలువుగా దించి చూడండి. ప్లాస్టిక్ స్కేలుకి చివర కాస్త ఖాళీ ఉంటుంది, లెక్క తప్పుతుంది. శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చి, మధ్యాహ్నం డాబా మీద ఇటుక పెట్టి ఎండబెట్టండి. సాయంత్రం ఇటుక తీసి ఎదురు దువ్వితే మర్నాటికి పోగు లేవాలి.

పరిచాక ఇసుక తప్పనిసరి. 35 ఎంఎంకి చదరపు మీటరుకి 6 నుంచి 8 కిలోల పొడి సిలికా ఇసుక పడుతుంది. 300 చదరపు అడుగులకి 50 కిలోల బస్తాలు నాలుగైదు. మూడు దఫాలుగా చల్లి, ప్రతిసారీ గట్టి బ్రష్‌తో ఎదురు దువ్వాలి. నాగావళి, వంశధార ఇసుకని కడగకుండా పోయొద్దు, అందులో ఒండ్రు ఉంటుంది. సముద్రపు ఇసుక అసలు వద్దు, ఉప్పుకి మేకులు తుప్పు పడతాయి.

ఎర్రమట్టిని చదును చేసి నేరుగా పరిచేవాళ్లని పనిలో పెట్టుకోకండి. ముందు తుంగ గడ్డల్ని తవ్వి తీయించాలి, అది షీటునీ పొడుచుకుని వస్తుంది. నాలుగంగుళాలు తవ్వి, మూడంగుళాల కంకర, పైన అంగుళం క్రషర్ డస్ట్ (రాతిపొడి) వేసి, తడిపి దిమ్మిసకొట్టి, వంద అడుగులకి అడుగు చొప్పున వాలు కాలువ వైపు ఉంచాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసిన జిల్లాలు మనవి. అంచుల్లో ఆరేడు అంగుళాలకొక జీఐ (జింకు పూత) మేకు లేకపోతే గాలికి షీటు లేస్తుంది. తులసికోట చుట్టూ రెండడుగుల మేర గడ్డి వేయించకండి. దీపం ఒరిగినా, దీపావళికి కాకరపువ్వొత్తి నిప్పు పడినా ప్లాస్టిక్ కరిగి గుంట పడుతుంది.

రోల్ వెడల్పు 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగుల పైచిలుకు. 15 అడుగుల వెడల్పు, 19.5 అడుగుల పొడవు స్థలానికి రోల్‌ని పొడవు వెంబడి పరిస్తే దాదాపు 385 చదరపు అడుగులు కొనాలి. అడ్డంగా పరిస్తే 295 చాలు. కొలతలు వాళ్లకే వదిలేయకండి. ఎలా పరిచినా అన్ని పట్టీల పోగూ ఒకే వైపు వాలాలి.

అడ్వాన్స్ ఇచ్చేముందు బిల్లు మీద బ్యాకింగ్ లేకుండా ఎత్తు, 10 సెంటీమీటర్లకి కుట్లు, ఇసుక బస్తాలు, కంకర మందం రాయించండి. రోల్ దిగాక కత్తి పెట్టనివ్వకుండా మీరే కొలవండి. ఒకసారి కోసిన గడ్డిని ఎవరూ వెనక్కి తీసుకోరు.