లోరెంజ్ ఈథరా, ఐన్‌స్టీన్ సాపేక్షతా?

రాయదుర్గం వెళ్లే మెట్రో కుదుపు లేకుండా ఒకే వేగంతో సాగుతుంటే, బయటికి చూడకుండా లోపల చేసే ఏ ప్రయోగమూ రైలు కదులుతోందని చెప్పదు. మరి విశ్వానికి అసలైన నిశ్చల చట్రం, అంటే అన్ని వేగాలనూ కొలవడానికి కదలని ఆధారం, ఉందనుకోవాలా? ఉంది, అది ఈథర్ (కాంతిని మోసే కనపడని మాధ్యమం) అన్నది భౌతిక శాస్త్రవేత్త లోరెంజ్ దారి. అక్కర్లేదన్నది ఐన్‌స్టీన్ సాపేక్షత దారి.

లెక్కలు: రెండు దారుల్లోనూ లోరెంజ్ సమీకరణాలే (ఒక చట్రంలోని కాలం, దూరం కొలతల్ని మరో చట్రంలోకి మార్చేవి), జవాబులూ ఒకటే.

బరువు: ఈథర్ పక్షం కనపడని చట్రాన్ని మోయాలి. 1887లో మైకెల్సన్, మోర్లీ వెతికితే జాడ దొరకలేదు. 1905లో ఐన్‌స్టీన్ అక్కర్లేదని పక్కన పెట్టాడు.

రిస్క్: విశ్వ నేపథ్య వికిరణాన్ని (విశ్వం తొలి దశ నుంచి మిగిలి అంతటా నిండిన మంద వికిరణం) చూపి "ఇదిగో చట్రం" అంటారు కొందరు. దానితో పోలిస్తే సూర్యుడి వేగం సెకనుకు సుమారు 370 కిలోమీటర్లు, నిజమే. అయినా భౌతిక నియమాలు ఏ జడత్వ చట్రంలోనూ (ఆ మెట్రోలా ఒకే వేగంతో తిన్నగా సాగేది) మారవు కదా!

పరీక్షకైనా, ల్యాబ్‌కైనా ఐన్‌స్టీన్ దారే. విశ్వ విస్తరణ లెక్కలకు వికిరణ చట్రం సౌకర్యం. లోరెంజ్ దారి తత్వచర్చ ఇష్టపడేవాళ్లకు.