పోర్టా, ఫైబరా, ఇంకా ఎదురుచూడ్డమా: మా ఉద్దానం ఊళ్లో ఏది మేలు?

రాత్రి ఎనిమిదింటికి చెన్నై నుంచి అన్నయ్య వీడియో కాల్ చేస్తాడు. అమ్మ ఫోను పట్టుకుని డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన తూర్పు మూలకి వెళ్లి నిలబడుతుంది. రెండు నిమిషాలు బాగానే మాట్లాడతారు. తర్వాత "ఏట్రా, నీ మొకం ఆగిపోనాది, మాట ఇనబడ్నేదు" అంటూ ఫోన్ని అటూ ఇటూ తిప్పుతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నాలుగూ నిండుగానే ఉంటాయి.

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర మా ఊరికి ఉన్నది ఒకే టవర్, ఒకే కంపెనీ. రెండేళ్లుగా ఎప్పుడు అడిగినా "అప్‌గ్రేడ్ పనులు జరుగుతున్నాయి" అన్నదే జవాబు. రీఛార్జ్ డబ్బులు విశాఖలో వాళ్లెంత కడతారో మేమూ అంతే కడుతున్నాం. ఒకటో తారీఖున పింఛను ఇచ్చే అమ్మాయి వేలిముద్ర మిషన్ పట్టుకుని సిగ్నల్ కోసం వీధి చివరికి నడుస్తుంటే, నడవలేని ముసలివాళ్లు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తారు. నాకు ఎక్కువ బాధగా ఉండేది అదే.

గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు? ఆ గీతలు చెప్పేది ఫోనుకీ టవర్‌కీ మధ్య సంగతి మాత్రమే. టవర్‌కి ఫైబర్ (నెట్ మోసే సన్నని గాజు తీగ) లేకపోతే, డిష్ ద్వారా ఇంకో టవర్‌కి కలుపుతారు. ఆ దారి ఇరుకైతే, సాయంత్రం ఊరంతా ఒకేసారి ఫోన్లు తీసేసరికి మొత్తం ఆగిపోతుంది. అలాంటప్పుడు కొత్త ఫోను కొన్నా లాభం లేదు. సిగ్నల్ పెంచే బూస్టర్ మిషన్ ఇంట్లో పెట్టుకోమని కొందరు చెబుతారు, ఆ మాట వినకండి. అనుమతి లేకుండా పెట్టడం నేరం, పైగా పక్కింటివాళ్ల సిగ్నల్ కూడా పాడవుతుంది.

పోర్ట్ పెట్టడం, అంటే పాత నంబరుతోనే వేరే కంపెనీకి మారడం, తేలికే. పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి మన నంబరు కొట్టి 1900కి మెసేజ్ పంపితే కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన కోడ్ ఒకటి వస్తుంది. అది 4 రోజులు పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. అయితే పక్క కంపెనీ టవర్ పక్క ఊళ్లో ఉంది. మా పిన్ని కొడుకు సిమ్ అడిగి తెచ్చి, రాత్రి ఎనిమిదింటికి వంటింట్లో, పడకగదిలో, డాబా మీద పెట్టి చూశాను. డాబా మీద బ్రహ్మాండంగా వచ్చింది. వంటింట్లో కాల్ కూడా కలవలేదు. పోర్ట్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఈ పని చేయండి. పగలు పదకొండింటికి చూస్తే ఏమీ తెలియదు.

ఇంట్లోకి మాత్రం ఫైబరే మేలని నా అభిప్రాయం. కేబుల్ టీవీ వైరుతో పాటే వస్తుంది. ఫోనూ కంపెనీ రెండూ ఒప్పుకుంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు, పాత నంబరుతోనే కాల్స్ ఇంటి వైఫై మీద నడుస్తాయి. అంటే అమ్మ నంబరు మార్చక్కర్లేదు, డాబా ఎక్కక్కర్లేదు. దీని లోపం మన ప్రాంతంవాళ్లకి చెప్పక్కర్లేదు. తీగలు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ స్తంభాలు ఏమయ్యాయో చూశాం. మామూలు కరెంటు కోతకైతే రౌటర్‌కి చిన్న యూపీఎస్ చాలు. తుపానుకి అది చాలదు. అందుకే సిమ్ వదులుకోకూడదు.

ఊరికే ఎదురుచూడ్డం మాత్రం అన్నిటికంటే నష్టం. ఫిర్యాదు చేసినప్పుడు నంబరు తప్పకుండా రాసుకోండి. పని కాకుండానే ఫిర్యాదు మూసేస్తే, అదే కంపెనీలో ఫిర్యాదుని మళ్లీ చూసే అప్పీల్ అథారిటీకి ఆ నంబరుతోనే వెళ్లాలి.

మేం గత నెల ఫైబర్ పెట్టించుకున్నాం. అమ్మ ఇప్పుడు మంచం మీద కూర్చునే మాట్లాడుతోంది. జీడితోటలోకి వైరు రాదు కదా, అక్కడ నాన్నకి ఇంకా కాల్ కలవదు. ఆయన నంబరు మీద నిన్న మూడో ఫిర్యాదు పెట్టాను.