4 ఎంఎం పెన్ నీడిల్: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఇన్సులిన్ పెన్నుకి ఇంకా 8 ఎంఎం సూదులే కొంటున్నవాళ్లు ఈసారి డాక్టర్‌ని ఒక మాట అడిగి 4 ఎంఎంకి మారండి. నేను కొన్నేళ్లుగా ఇవే వాడుతున్నాను. మధ్యలో దొరకనప్పుడు 6, 8 ఎంఎం కూడా వాడాల్సి వచ్చింది కాబట్టి తేడా తెలిసే చెబుతున్నా. మాది ఖమ్మం. ఇంట్లో ఇద్దరం ఇన్సులిన్ మీదే ఉన్నాం. నాన్నది మొదటి నుంచీ సీసా, సిరంజి. నాది పెన్ను; అందులో 30/70 (త్వరగా పనిచేసేది 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపిన ఇన్సులిన్) కాట్రిడ్జ్, అంటే మందు నిండిన చిన్న గొట్టం. ఉదయం టిఫిన్‌కి ముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి. అందుకే రాస్తున్నది నా సూది గురించే అయినా మధ్యలో నాన్న సిరంజి కూడా వస్తుంది.

"నేను లావుగా ఉంటాను కదా, అంత పొట్టి సూది లోపలికి చేరుతుందా?" అని చాలామంది అడుగుతారు. చేరుతుంది. సన్నగా ఉన్నా లావుగా ఉన్నా చర్మం మందం మాత్రం సుమారు 2 నుంచి 2.5 ఎంఎం. మనం లావెక్కినప్పుడు పెరిగేది దాని కింద ఉన్న కొవ్వు. ఇన్సులిన్ పడాల్సింది ఆ కొవ్వులోనే. 4 ఎంఎం సూది చర్మం దాటి సరిగ్గా అక్కడ ఆగుతుంది. 8 ఎంఎం, పాతకాలపు 12.7 ఎంఎం సూదులైతే బక్కగా ఉన్నవాళ్లకి, ముఖ్యంగా తొడ మీద, చేతి మీద పొడిచినప్పుడు కండలోకి దిగిపోతాయి. కండలో పడిన ఇన్సులిన్ గబగబా రక్తంలో కలిసి, అనుకోని వేళ షుగర్ పడిపోతుంది. 2016లో మాయో క్లినిక్ వాళ్ల వైద్య పత్రికలో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సుల్లో కూడా పెద్దవాళ్లకి లావూ సన్నమూ చూడకుండా 4 ఎంఎం సరిపోతుందనే ఉంది.

నొప్పి గురించి ఒక్క మాట. పెట్టె మీద 32జి అని ఉంటుంది. జి అంటే గేజ్, సూది ఎంత లావో చెప్పే కొలత. ఆ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 32జి అంటే 0.23 ఎంఎం మందం. పొట్ట మీద చాలాసార్లు గుచ్చుకున్నట్టే తెలియదు. తెలిసినా దోమ కుట్టినంత. వేలి చివర గుచ్చి షుగర్ చూసుకోవడమే దీనికన్నా ఎక్కువ నొప్పి.

అయితే సూది మంచిదైనంత మాత్రాన ఇంజెక్షన్ సరిగా పడినట్టు కాదు. పెన్ను వాడేవాళ్లు తొందరలో వదిలేసే పనులు మూడు నాలుగు ఉన్నాయి. 30/70 తెల్లగా పాలలా ఉండాలి. పెన్ను కదలకుండా ఉంటే మందు అడుగున పేరుకుని పైన నీళ్లలా తేలుతుంది. రెండు అరచేతుల మధ్య పది సార్లు దొర్లించి, పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేస్తాను. నా కాట్రిడ్జ్‌లో ఒక చిన్న గాజు గోళీ ఉంటుంది, అది ఈ చివర నుంచి ఆ చివరకి జారుతూ మందును కలుపుతుంది. వెలుతురుకి పెట్టి చూస్తే గోడకి తెల్లటి పలుకులేవీ అంటుకుని ఉండకూడదు. దబదబా ఊపితే నురగ వస్తుంది కాబట్టి ఊపను. నీళ్లలా తేటగా ఉండే ఇన్సులిన్ అయితే ఈ కలపడం అక్కర్లేదు. అది మబ్బుగా కనిపిస్తే మాత్రం వాడకూడదు.

ఆ తర్వాత కొత్త సూది బిగించి, పై మూత, లోపలి సన్న మూత తీసి, రెండు యూనిట్లు తిప్పి గాల్లోకి వదులుతాను. సూది కొన మీద బొట్టు కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ రెండు. "రోజుకి నాలుగు యూనిట్లు వేస్ట్" అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: బొట్టు రాని సూదితో పొడిస్తే, ఒంట్లోకి ఏం పోయిందో ఎవరికీ తెలియదు.

పొడిచేటప్పుడు నిటారుగా, 90 డిగ్రీల్లో. 4 ఎంఎంకి మామూలుగా చర్మం పట్టుకుని మడత పెట్టక్కర్లేదు. చిన్నపిల్లలకి, మరీ బక్కపలచగా ఉన్నవాళ్లకి మడత అవసరం. అది డాక్టరో నర్సో చేసి చూపించాలి. స్పిరిట్ నేను వాడను. స్నానం చేసిన శుభ్రమైన ఒంటికి అది అవసరం లేదు. వాడితే ఆరేదాకా ఆగాలి, తడి మీద పొడిస్తే మంట. బటన్ పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి అప్పుడు సూది బయటికి తీస్తాను. ఈ పది చాలామంది లెక్కపెట్టరు. వెంటనే లాగేస్తే సూది కొన నుంచి మందు కారుతూనే ఉంటుంది. ఆ కారేది మన డోసే. తీశాక ఆ చోటు రుద్దకూడదు.

ఇప్పుడు అసలు గొడవ, ఒకే సూది మళ్లీ మళ్లీ వాడటం. పెట్టె మీద ఒక్కసారికే అని ఉంటుంది. మన ఊళ్లలో ఒక సూది వారం లాగేవాళ్లని నేను చూశాను. రోజుకి రెండు సూదులంటే నెల ఖర్చులో కనబడుతుంది, కాదనను. నాన్న కూడా నేను సూది తీసేస్తుంటే "ఇంకా పదునుగానే ఉంది కదమ్మా, అప్పుడే పారేస్తావేంటి?" అనేవారు. ఆయన చిన్నప్పుడు గాజు సిరంజిని గిన్నెలో మరగబెట్టి ఊరందరికీ వాడిన రోజులు చూశారు మరి. కానీ ఇంత సన్నటి సూది కొన ఒక్క వాడకానికే వంగొచ్చు, పైనున్న నున్నటి సిలికాన్ పూత పోతుంది. కన్నుకి కనబడదు, రెండోసారి చర్మానికి తెలుస్తుంది. సూదిని పెన్నుకే వదిలేస్తే ఇంకో ఇబ్బంది: కాట్రిడ్జ్‌లోకి గాలి వెళ్తుంది, మందు కారుతుంది, ఆరిన మందు సూదిలో అడ్డం పడుతుంది. పెన్ను పక్కన పెట్టేటప్పుడు దానికి సూది ఉండకూడదు.

సూది మార్చడమొక్కటే చాలదు, చోటు కూడా మార్చాలి. నాన్న విషయమే చెబుతా. ఆయనకి కుడిచేయి వాటం కాబట్టి ఎప్పుడూ బొడ్డుకి కుడిపక్క అదే జానెడు చోటు. పైగా "అక్కడైతే నొప్పే ఉండదు" అని ఇష్టం. డాక్టర్ గారు పొట్ట మీద వేళ్లు నొక్కుతూ వచ్చి అక్కడ ఆగి, నా చేయి తీసుకుని పెట్టించారు. చుట్టూ మెత్తగా ఉంది, ఆ ఒక్కచోట చర్మం కింద రబ్బరు ముక్క పెట్టినట్టు గట్టిగా ఉబ్బి ఉంది. కంటికి సరిగా కనబడదు, సబ్బు రాసిన చేతితో తడిమితే బాగా దొరుకుతుంది. అలాంటి గడ్డలో పొడిచిన ఇన్సులిన్ ఒకరోజు సరిగా ఎక్కదు, ఇంకోరోజు ఒక్కసారిగా ఎక్కుతుంది. షుగర్ 300, మర్నాడు 70. ఇంట్లో అందరం ఆయన దొంగతనంగా స్వీట్లు తింటున్నారని అనుమానించాం, పాపం. గడ్డ వదిలి మంచి చోటికి మారేటప్పుడు పాత డోసే వేస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. అందుకే డాక్టర్ ముందే డోసు తగ్గించి, కొన్నాళ్లు రోజూ చూసుకోమన్నారు. దీన్ని సొంతంగా చేయకండి.

నా పద్ధతి సులువు. ఉదయం పొట్ట, రాత్రి తొడ. పొట్టని నాలుగు భాగాలు అనుకుని వారానికో భాగం, బొడ్డుకి దగ్గరగా వెళ్లను. తొడ ముందు, బయటివైపు పైభాగంలో, ఈ వారం కుడి, వచ్చే వారం ఎడమ. ఒక పోటుకీ ఇంకో పోటుకీ కనీసం ఒక వేలి వెడల్పంత దూరం. పొట్ట మీద పొడిస్తే మందు త్వరగా ఎక్కుతుంది, తొడ మీద కాస్త నెమ్మది. అందుకని ఒక పూటకి ఒక ప్రాంతం అని పెట్టుకుంటే లెక్క తప్పదు.

సిరంజి వాడేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది మూత రంగు గురించి. మన దగ్గర హ్యూమన్ ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల సీసాలూ ఉన్నాయి. వాటికి నారింజ మూత. ఒకసారి మెడికల్ షాపులో ఎర్రవి అయిపోయాయని నారింజవి చేతిలో పెట్టారు, "అన్నీ ఒకటే" అని. ఒకటి కాదు. నారింజ సిరంజిలో 20 గీత దాకా 40 మందు లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. అటుది ఇటైతే ఇంకా ప్రమాదం: 100 మందుని ఎర్ర సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు. పెన్ను కాట్రిడ్జ్‌లోది కూడా 100 మందే. సూదులు అయిపోయాయని కాట్రిడ్జ్‌లో నుంచి సిరంజితో లాగేవాళ్లు దయచేసి ఆగండి. అలాగే భార్యాభర్తలు ఒకే పెన్ను వాడుకోవడం. సూది మార్చినా సరే, పొడిచినప్పుడు కొంచెం రక్తం కాట్రిడ్జ్‌లోకి వెనక్కి రావచ్చు. పెన్ను మాత్రం ఎవరిది వారిదే.

వాడుతున్న పెన్నుని ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు. 30 డిగ్రీల లోపు అయితే నాలుగు వారాలు బయట ఉంటుంది. చల్లటి మందు పొడిస్తే మంట కూడా. కానీ మే నెలలో మా దగ్గర గదిలో 30 ఎక్కడిది? అప్పుడు తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో స్టీలు డబ్బా, అందులో పెన్ను. కరెంటు పోయినా పర్వాలేదు. తెరవని కాట్రిడ్జ్‌లు ఫ్రిజ్ తలుపు అరలో. ఫ్రీజర్ పక్కన పెట్టి గడ్డకడితే పారేయడమే. ఇంకో జాగ్రత్త: పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు ముహూర్తాన్ని నమ్మి 30/70 వేసుకోకండి, భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. నేను వంటవాళ్ల దగ్గరికే వెళ్లి ఎప్పుడు వడ్డిస్తారో అడుగుతాను.

ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. సూది మీది కాగితం సీలు పట్టుకుని లాగే చెవి మరీ చిన్నది, వేళ్లు వణికే పెద్దవాళ్లకి పరీక్షే. లోపలి సన్న మూత తిరిగి పెట్టబోతే వేలికి గుచ్చుకుంటుంది. అది మళ్లీ పెట్టకండి, పెద్ద మూతతోనే పట్టి విప్పండి. ఒకేసారి ఎక్కువ యూనిట్లు వేసుకునేవాళ్లకి ఒక్కోసారి చర్మం మీద బొట్టు తేలుతుంది. చిన్న బొట్టుకి టెన్షన్ పడక్కర్లేదు, రోజూ కారుతుంటే డోసుని రెండుగా చేసి వేసుకోవాలా అని డాక్టర్‌ని అడగండి. రోజూ పోగయ్యే ప్లాస్టిక్ కూడా తక్కువేం కాదు.

వాడిన సూదులు నేను ఖాళీ ఫినాయిల్ డబ్బాలో వేస్తాను. గట్టి ప్లాస్టిక్, ఇరుకు మూతి, పిల్లలు చెయ్యి పెట్టలేరు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఇంట్లో వాడిన సూదులు, సిరంజిలను ప్రమాదకర చెత్త కింద చేర్చారు. వాటిని తడి పొడి చెత్తలో కలపకూడదు. డబ్బా ముప్పావు వంతు నిండాక మూత బిగించి, టేపు చుట్టి, పైన "సూదులు" అని పెద్దక్షరాల్లో రాసి చెత్త బండివాళ్ల చేతికి విడిగా, చెప్పి మరీ ఇస్తాను.

కొనేటప్పుడు పెట్టె మీద 4 ఎంఎం, 32జి రెండూ చూడండి, ఎక్స్‌పైరీ చూడండి. సీలు ఊడిన విడి సూదులు తీసుకోకండి. స్క్రూలా తిప్పి బిగించే రకం అయితే మన దగ్గర దొరికే పెన్నుల్లో దాదాపు అన్నింటికీ పడతాయి. అయినా మొదటిసారి పెన్ను వెంట తీసుకెళ్లి చూపించి కొనడం మేలు.