ఒకసారి నొక్కితే రెండుసార్లు: చవక గేమింగ్ మౌస్‌తో రెండేళ్లు

2023 దసరా ఆఫర్లలో కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఒక షాపులో 1,450 రూపాయలకు కొన్న వైరు మౌస్ ఇది. డీపీఐ (చెయ్యి కదిపితే తెర మీద గురి ఎంత దూరం పోతుందనే లెక్క) ఎంత, లైట్లు ఎన్ని రంగులు అన్నవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పేదంతా ఒక్క బటన్ గురించి. ఎడమ బటన్.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో నేను చూసిన మరో రెండు కంపెనీల మౌస్‌లకూ ఇలా ఒక నొక్కుడు రెండుగా పడే జబ్బే వచ్చింది. ఒక్కరినే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

మొదటి ఏడాది దీన్ని నేను పొగిడినట్టు తయారుచేసిన కంపెనీవాడు కూడా పొగిడి ఉండడు. అంతకుముందు మూడొందల రూపాయల ఆఫీసు మౌస్‌తో వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడేవాణ్ణి. చెయ్యి కాస్త గట్టిగా తిప్పితే గురి ఎటో ఎగిరిపోయి గోడ మీద ఉండేది. దీనికి ఆ బాధ లేదు. 800 డీపీఐ పెట్టుకున్నాను, పైన ఉన్న వేలకు వేలు ఇప్పటిదాకా ముట్టుకోలేదు. ఆ ఊపులో రాజమండ్రిలో మా బాబాయి కొడుకుతోనూ, హైదరాబాద్‌లో ఉన్న ఒక ఫ్రెండుతోనూ ఇదే కొనిపించాను.

2024 డిసెంబరులో మొదలైంది. ముందు ఆటలో కాదు, బ్రౌజర్‌లో. ఒక ట్యాబ్ మూస్తే పక్కది కూడా మూతపడేది. బ్రౌజర్‌నే తిట్టుకుని తీసేసి మళ్ళీ వేసుకున్నాను. తర్వాత ఫోల్డర్ మీద ఒక్కసారి నొక్కితే తెరుచుకోవడం మొదలైంది. చెల్లి పెళ్లి ఫొటోల ఫోల్డర్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాగుతుంటే మధ్యలో చెయ్యి జారినట్టు జారి వేరే ఫోల్డర్‌లో పడింది. అరగంట వెతికాను, గుండె నోట్లోకి వచ్చింది.

ఆటలోకి వచ్చేసరికి పరువు పోయింది. రౌండు మొదట్లో ఒక ఫ్లాష్ (అవతలివాడి కళ్లు కమ్మే మెరుపు) కొనబోతే రెండు కొనేది, ఆ డబ్బు తగ్గి అసలు తుపాకీకి చాలేది కాదు. బటన్ నొక్కి పట్టుకుని కాలుస్తుంటే మధ్యలో ఓ క్షణం ఆగి మళ్ళీ పేలేది. అవతలివాడు ఆ క్షణం ఆగడు కదా. 'మౌస్ పాడైంది' అని టీమ్‌లో చెబితే ఎవరు నమ్ముతారు? ఓడిన ప్రతివాడూ చెప్పే మాటే అది.

బటన్ కింద చిన్న స్విచ్ ఉంటుంది. దాంట్లో పల్చటి లోహపు రేకు వెళ్లి ఇంకో లోహానికి తగిలితే క్లిక్. తగిలినప్పుడు ఆ రేకు ఒక్కసారిగా కుదురుకోదు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుళ్లను లెక్కలోకి తీసుకోకుండా మౌస్ లోపలి చిప్ కాసేపు ఆగుతుంది. రేకు బిగువు తగ్గినా, తగిలే చోట మసి పట్టినా ఎగురుడు ఆ గడువు దాటుతుంది. అప్పుడు ఒక నొక్కుడు రెండు అవుతుంది. కొన్ని మౌస్‌ల సాఫ్ట్‌వేర్‌లో ఆ గడువు పెంచుకోవచ్చు. నా దానిలో లైట్ల రంగులు మార్చడానికి పదహారు మార్గాలున్నాయి కానీ ఇది లేదు.

డబ్బా మీద 2 కోట్ల క్లిక్కులు అని ఉంది. కోపంలో లెక్క వేశాను. రోజుకు 5,000 సార్లు నొక్కినా పదకొండేళ్లు రావాలి. వచ్చింది పద్నాలుగు నెలలు.

చిట్కాలన్నీ చేశాను. గట్టిగా ఊదాను. కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను, నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. దగ్గర దగ్గరగా పడిన రెండో క్లిక్కును ఆపే ఉచిత ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. కానీ యాంటీ చీట్ (మోసాలు పట్టే ప్రోగ్రాము) ఉన్న ఆట పక్కన అలాంటిది నడపడానికి ధైర్యం చాల్లేదు.

వారంటీ రెండేళ్లు, ఇంకా పది నెలలు మిగిలే ఉంది. ఫోన్ చేస్తే బిల్లు ఫొటో పంపమన్నారు. జాగ్రత్తగా డబ్బాలోనే పెట్టానుగా అని తీస్తే తెల్ల కాగితం! ఆ వేడికి అచ్చయ్యే బిల్లు పూర్తిగా వెలిసిపోయింది, షాపు పేరు కూడా కనబడటం లేదు. షాపుకు వెళితే "సాఫ్ట్‌వేర్ మార్చామండి, పాత బిల్లులు రావు" అన్నారు. బిల్లు తీసుకున్న రోజే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఈ సమీక్షలో పనికొచ్చే ముక్క బహుశా ఇదొక్కటే.

ఇక పాడయ్యేదేముందని స్విచ్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. కైల్ కంపెనీ జీఎమ్ 8.0, నాలుగు కలిపి వచ్చాయి. మౌస్ స్క్రూలు పైకి కనబడవు, అడుగున జారుడు ముక్కల కింద దాక్కుని ఉంటాయి. అవి పీకితే మళ్ళీ సరిగా అంటుకోవు, కొత్త జత విడిగా కొనాల్సి వచ్చింది. టంకం నాకు రాదు. సినిమా రోడ్డు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి దగ్గరికి పట్టుకెళ్లాను.

"మౌస్‌కండీ? కొత్తది కొనుక్కోవచ్చు కదండీ" అని ఒకసారి నా మొహం చూసి, తర్వాత "ఉప్పు గాలండి, కాకినాడలో ఏదైనా ఇంతేనండి" అని తేల్చేశాడు. సగం నిజం కావచ్చు. హైదరాబాద్ ఫ్రెండు మౌస్ కూడా ఏడాదిన్నరకే ఇలా అయింది, అక్కడ సముద్రం లేదు మరి. అతను కొత్త స్విచ్‌ను తిరగేసి పెట్టబోతుంటే ఆపాను. నొక్కే బుడిపె సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. తిరగేస్తే పైన బటన్‌కు అందదు. ఆ ఒక్క సంగతి ముందే చదువుకుని వెళ్లాను కాబట్టి బతికిపోయాను. ఎడమది ఒక్కటే మారిస్తే చేతికి తేడా తెలుస్తుందని రెండూ మార్పించాను. ఇరవై నిమిషాల పని, 150 రూపాయలు తీసుకున్నాడు.

నేను ఊహించనిది ఆ తర్వాతే. పాడవక ముందు ఉన్నట్టు అవుతుందనుకున్నాను, అంతకంటే బాగుంది. పాత క్లిక్కు మెత్తగా, ఎక్కడ పడిందో తెలియకుండా ఉండేదని కొత్తది నొక్కాకే తెలిసింది. ఇది టక్కుమని పడి టక్కుమని లేస్తుంది. ఏడాది గడిచింది, ఒక్క దొంగ క్లిక్కు లేదు. ఈ స్విచ్‌కు 8 కోట్లు అంటున్నారు, ఆ లెక్కలు నేనిక నమ్మను. చప్పుడు మాత్రం పెరిగింది. "అర్ధరాత్రి ఆ టకటకలేంట్రా" అని అమ్మ పక్కగదిలోంచి ఇప్పటికి చాలాసార్లు అడిగింది. కాస్త బిగువు కూడా ఎక్కువే, రెండు గంటలు వరసగా ఆడితే చూపుడు వేలు తెలుస్తుంది.

మొదట్లో నేను పొగిడిన వాటిలో కొన్ని వెనక్కి తీసుకోవాలి. పక్కల రబ్బరు పట్టు బాగుంటుందని అందరికీ చెప్పాను, రెండో వేసవికి జిగురు పట్టింది, వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తున్నాను. అల్లిక వైరు గట్టిదే, గట్టిదనమే దాని తప్పు, టేబుల్ అంచుకు పట్టేస్తుంది. క్లిప్పు పెట్టి పైకి కట్టాను. ఆకారం నా పెద్ద చేతికి సరిపోయింది. చెల్లెలి చేతిలో పెడితే ఇటుకలా ఉంది.

కొనొచ్చా అంటే, సెన్సర్ వరకు ఇప్పటికీ ఒక్క మాట అననివ్వను. టంకం పెట్టే మనిషి దగ్గర్లో ఉండి, నాలాగా పంతం ఉంటే కొనొచ్చు. పెద్ద టోర్నమెంట్లు ఆడేవాళ్లకు, ఇంటి నుంచి ఆఫీసు పని కూడా దీంతోనే చేసేవాళ్లకు చెప్పలేను. కాంతితో పనిచేసే స్విచ్‌లున్న మౌస్‌లో లోహపు రేకు తగలడమే ఉండదు కాబట్టి ఈ కారణంతో జబ్బు రాదు. ధర పెరుగుతుంది, అప్పట్లో నా జేబు అంతవరకు రాలేదు. ఇప్పుడైతే ఆలోచిస్తానేమో.

పోయిన వారం బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఒక ట్యాబ్ మూస్తే రెండు పోతున్నాయి, వైరస్ అంటావా?" అన్నాడు. మిగిలిన రెండు స్విచ్‌లు సొరుగులోనే ఉన్నాయి. ఆదివారం వచ్చేటప్పుడు మౌస్ తెచ్చుకోమన్నాను.