గెస్టిమేట్‌కి ఏది మేలు: జనం లెక్కా, హోటల్ లెక్కా?

కన్సల్టింగ్ ఇంటర్వ్యూల్లో గెస్టిమేట్ అడుగుతారు, అంటే డేటా లేకుండా ఊహలతో ఒక అంకెను అంచనా వెయ్యమంటారు. వాటికి ప్రిపేరయ్యేవాళ్లకు ఎప్పుడూ ఒకటే టెన్షన్: టాప్-డౌన్ (మొత్తం జనాభా నుంచి కిందికి) చెయ్యాలా, బాటమ్-అప్ (ఒక్క దుకాణం నుంచి పైకి) చెయ్యాలా? ఒక ప్రశ్న తీసుకుని రెండూ చేసి చూద్దాం. హైదరాబాద్‌లో రోజుకు ఎన్ని కప్పుల ఇరానీ చాయ్ అమ్ముడవుతుంది?

ముందు జనం వైపు నుంచి. 2011 జనగణనలో నగర జనాభా 67 లక్షలు దాటింది. ఇప్పుడు కోటి అనుకుందాం. పిల్లల్ని తీసేస్తే 75 లక్షలు. వాళ్లలో రోజూ బయట చాయ్ తాగేది ఐదుగురిలో ఒకరు, అంటే 15 లక్షల మంది. మనిషికి ఒకటిన్నర కప్పు చొప్పున 22.5 లక్షల కప్పులు. అందులో ఇరానీ చాయ్ మూడో వంతు అనుకుంటే 7.5 లక్షలు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. కానీ ఆ మూడో వంతు ఎక్కడిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మూడింట రెండు వంతులని ఇంకొకరు అంటే మొత్తం రెట్టింపవుతుంది.

ఇప్పుడు హోటల్ వైపు నుంచి. ఒక ఇరానీ హోటల్ తీసుకుందాం. పొద్దున 5 నుంచి రాత్రి 11 దాకా 18 గంటలు. రద్దీగా ఉండే 6 గంటల్లో గంటకు 120 కప్పులు, మిగతా 12 గంటల్లో గంటకు 40. మొత్తం 1,200. గంటకు 120 అంటే అర నిమిషానికో కప్పు. కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లు ఈ అంకెను ధైర్యంగా సమర్థించుకోగలరు. చిక్కల్లా హోటళ్ల సంఖ్య దగ్గరే. ఇటీవలి విస్తరణకు ముందు జీహెచ్‌ఎంసీ వైశాల్యం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు ఒక హోటల్ వేసుకుంటే 7.8 లక్షల కప్పులు. పాతబస్తీలో ఎక్కువ, శివార్లలో తక్కువ ఉంటాయని పైకి చెప్పాలి.

ఇక్కడ నా ఓటు హోటల్ లెక్కకే. అందులో గుడ్డిగా వేసిన అంకె ఒక్కటే. టూత్‌పేస్ట్ లాంటి ఇంటింటి వస్తువైతే జనం లెక్కే మేలు. పెట్రోల్ బంకు, సెలూన్ అయితే మళ్లీ కౌంటర్ దగ్గరికే వెళ్లాలి.

రెండు జవాబులు దగ్గరగా వచ్చాయి కానీ, అది రుజువేమీ కాదు. రెండింట్లోనూ ఊహలు నావే. పది రెట్లు తేడా వచ్చి ఉంటే మాత్రం ఎక్కడో సున్నా తప్పిందని తెలిసేది. రెండో లెక్కకు ఒక నిమిషం మిగుల్చుకోమనేది అందుకే.

మొదలుపెట్టే ముందే ఇంటర్వ్యూయర్‌ని అడగాల్సింది ఇంకొకటుంది: వన్ బై టూ చాయ్ ఒక కప్పా, రెండా? జనాన్ని లెక్కపెడితే అది రెండు, గల్లాపెట్టె దగ్గర లెక్కపెడితే ఒకటే.