గులాబీ తెగుళ్లకు సూడోమోనాసా, బాసిల్లసా?

బెంగళూరు ముసురులో మిద్దె గులాబీలకు నల్లమచ్చ తప్పదు. తెగుళ్లను అడ్డుకోవడానికి పొడి రూపంలో దొరికే ఈ రెండు బ్యాక్టీరియాల్లో ఏది నయం?

నిల్వ: బాసిల్లస్ సబ్టిలిస్ సిద్ధబీజాలు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపం) కడుతుంది, వేడికి తట్టుకుంటుంది. సూడోమోనాస్‌కు ఆ కవచం లేదు. గడువు దాటితే దాని ప్యాకెట్లో మిగిలేది బ్యాక్టీరియాను కలిపిన ఉత్త టాల్క్ పొడే.

శ్రమ: రెండూ ఒకటే. లీటరుకు 10 గ్రాములు కలిపి గుడ్డలో వడకట్టాలి, లేకుంటే నాజిల్ పూడుతుంది. కొళాయి నీళ్లను రాత్రంతా బకెట్లో తెరిచి ఉంచండి, బ్యాక్టీరియాను చంపే క్లోరిన్ పోవాలి.

రిస్క్: రాగి మందుతో కలిపారో, అది బ్యాక్టీరియాను చంపేస్తుంది, డబ్బు దండగే.

పరీక్ష: ఒక్కోదానికి 5 కుండీలు, ఉత్త నీళ్లకు మరో 5. పది రోజులకోసారి సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టి, మచ్చల ఆకులు లెక్కపెట్టండి. రాలిన ఆకులు అన్ని కుండీల్లోనూ ఏరాలి. ఒకదాంట్లో వదిలితే లెక్కంతా తప్పుతుంది.

ఆకుమచ్చకు ముందుజాగ్రత్తగా బాసిల్లస్, వేరుకుళ్లుకు మట్టిలో పోయడానికి తాజా సూడోమోనాస్. ఆకులు సగం పసుపెక్కాక రెండూ ఆలస్యమే.