పాత ఆఫీసు కంప్యూటర్ల రీసైక్లింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత మా సమీక్ష

ఈ పనికి సంస్థను వెతికేటప్పుడు చాలామంది మొదట రేటు అడుగుతారు. ఒకే రీసైక్లింగ్ సంస్థతో కొన్నేళ్లు నడిచాక మేం ముందు చూసేది సీరియల్ నంబర్ల లిస్టు. "40 కంప్యూటర్లు ధ్వంసం చేశాం" అని ఒక్క ముక్కలో తేల్చేసిన సర్టిఫికెట్ రేపు ఆడిట్‌లో అక్కరకు రాదు. కంప్యూటర్ సీరియల్, దాని పక్కనే డ్రైవ్ సీరియల్, డేటా చెరిపిన పద్ధతి, తేదీ అన్నీ ఉండాలి. బండి ఎక్కించే ముందు మనం స్కాన్ చేసిన షీటుతో ఆ లిస్టును వరసవారీగా పోల్చుకోవాలి.

లెక్క తప్పేది ఎక్కువగా రెండో డ్రైవ్ దగ్గర. ఎం.2 ఎస్ఎస్‌డి, అంటే మెమరీ చిప్పుల్లో డేటా దాచే చిన్న పట్టీ లాంటి డ్రైవ్, మదర్‌బోర్డుకు అతుక్కున్నట్టు, చాలాసార్లు హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) కింద ఉంటుంది. దానికి కేబుల్ ఉండదు. పెద్ద హార్డ్ డిస్క్ ఊడదీసి పని అయిపోయిందనుకుంటారు, డేటా మాత్రం ఆ ఎస్ఎస్‌డిలోనే ఉండిపోతుంది. పెద్ద కాపియర్లలోనూ డ్రైవ్ ఉండొచ్చు, అదీ అడగండి.

డీగాసింగ్, అంటే బలమైన అయస్కాంతంతో డేటా చెరపడం, హార్డ్ డిస్కుకు పనికొస్తుంది. ఎస్ఎస్‌డిలో అయస్కాంతంతో చెరిగేదేమీ లేదు. పైపైన ఓవర్‌రైట్ చేసినా చాలదు, ఎందుకంటే వేర్ లెవెలింగ్ (చిప్పులు సమానంగా అరిగేలా డ్రైవ్ రాతలను వేర్వేరు చోట్లకు మార్చడం) వల్ల పాత డేటా మనకు కనిపించని బ్లాకుల్లో మిగలొచ్చు. డ్రైవ్ లోపలి శానిటైజ్ కమాండ్ ఇచ్చి, ఆపై వెరిఫై చేయాలి. ముక్కలు చేయించేటట్టయితే ముక్క సైజు అడగండి: హార్డ్ డిస్కుకు పెట్టిన వెడల్పాటి బ్లేడ్ల మధ్య నుంచి మెమరీ చిప్పు చెక్కుచెదరకుండా జారిపోగలదు. ఎన్ఐఎస్‌టీ 800-88 (డేటా చెరపడంపై అమెరికా ప్రమాణాల సంస్థ మార్గదర్శకం) ప్రకారం చేస్తామని చెబితే అందులోని మూడు స్థాయిలు క్లియర్ (మామూలుగా చెరపడం), పర్జ్ (ల్యాబ్‌లోనూ తిరిగి రాకుండా చెరపడం), డిస్ట్రాయ్ (ధ్వంసం)లలో ఏది ఏ డ్రైవ్‌కో రాసివ్వమనండి.

ఈ-వ్యర్థాల రీసైక్లర్లకిచ్చే సర్టిఫికెట్లు ఆర్2 గానీ ఈ-స్టీవార్డ్స్ గానీ ఉందంటే నమ్మేయకండి. సర్టిఫికెట్ మీద ఏ చిరునామా ఉందో, సరుకు దిగే గోడౌన్ అదేనో కాదో చూడండి. ఆర్2 వెర్షన్ 3లో డేటా చెరపడానికి అపెండిక్స్ బి, టెస్టింగ్, రిపేరుకు అపెండిక్స్ సి. సర్టిఫికెట్ వర్తించే పనుల జాబితాలో (స్కోప్‌లో) బి లేకపోతే డ్రైవ్‌లు ఇవ్వొద్దు.

ఆ తర్వాత సరుకు ఎటు పోతుందన్నది. సర్క్యూట్ బోర్డులు, బ్యాటరీలు, పాత ఎల్‌సీడీల్లోని పాదరసం ల్యాంపులు ఎవరెవరికి వెళ్తాయో పేర్లతో చెప్పగలగాలి. 2025 జనవరి 1 నుంచి బాసెల్ ఒప్పందం (వ్యర్థాలు దేశాల మధ్య తరలడంపై అంతర్జాతీయ ఒప్పందం) కింద ప్రమాదకరం కాని ఈ-వ్యర్థాలు దేశం దాటాలన్నా దిగుమతి చేసుకునే దేశం ముందస్తు సమ్మతి కావాలి. "రిపేరుకు పంపుతున్నాం" అంటే టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. నోటిమాటతో పంపితే బోర్డులు లోహాల కోసం కరిగించే యాసిడ్ తొట్లలో తేలడం ఖాయమనే మా అనుమానం.

మేం వాడే సంస్థ సీరియల్ రిపోర్టులో పక్కా. లోటల్లా ల్యాప్‌టాప్ బ్యాటరీల దగ్గరే. ఉబ్బిన వాటికి వేరే డబ్బా మనం గుర్తు చేస్తే తప్ప తీసుకురారు. ఉబ్బిన బ్యాటరీని ల్యాప్‌టాప్‌లోనే ఉంచి పైన మరో పది పేర్చితే దారిలోనే నిప్పంటుకోవచ్చు. అందుకే బుకింగ్ రోజునే వాటి సంఖ్య విడిగా రాసివ్వండి.